విప్పేసిన పేరు

ఊళ్ళో పిల్లలందరికీ పేర్లు కుట్టిపెట్టే ఇంట్లో పుట్టి, నా కూతురు చాలా రోజుల దాకా పేరు లేకుండానే ఉంది. దానికి కారణం మా మామయ్య.

మాది పేర్లు కుట్టే దుకాణం. బడి సంచుల మీద, యూనిఫాం జేబుల మీద, హోటలు వంటవాళ్ళ టోపీల మీద, పుట్టబోయే పిల్లల దుప్పట్ల మీద దారంతో పేర్లు కుడతాం. బడులు తెరిచే ముందు రెండు నెలలు మాకు తలెత్తే తీరిక ఉండదు. సరిగ్గా ఆ సీజను మొదట్లోనే నాకు కూతురు పుట్టింది. బాలింతనని ఇంట్లో కూర్చోబెట్టే వీలు మా అత్తింటివాళ్ళకి లేదు, కూర్చునే ఓపిక నాకూ లేదు. పిల్లని బుట్టలో పడుకోబెట్టి, ఆ బుట్టని బట్ట కత్తిరించే బల్ల పక్కన పెట్టుకుని, కాస్త నడుం నిలబడగానే మిషను ముందు కూర్చున్నాను.

వచ్చిన ప్రతి గిరాకీ బుట్టలోకి తొంగిచూసి పేరేంటని అడిగేవారు. ఇంకా పెట్టలేదంటే, "మీకే పేర్లు కరువొచ్చాయా" అని నవ్వేవారు. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం షాపు వెనక గదిలో అందరం అన్నాలు తింటున్నాం. మా ఆయన చెప్పిన పేర్లు అత్తయ్యకి నచ్చలేదు. అత్తయ్య చెప్పిన పేర్లు నాకు నచ్చలేదు. మామయ్య ఎప్పట్లాగే తలొంచుకుని తింటున్నారు. ఆయన మాట్లాడటం తక్కువ. నోట్లో మాట కంటే గుండుసూదులే ఎక్కువసేపు ఉంటాయి. అలాంటి మనిషి నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "సల్వా అని పెడదాం" అన్నారు.

"ఏంటీ?" అంది అత్తయ్య.

"సల్వా."

"అదేం పేరు?"

"అరబ్బీ పేరు. ఆడపిల్లలకి పెట్టుకుంటారు."

"మన వాళ్ళల్లో ఎవరికుంది?"

"ఎవరికీ లేదు."

"మరి మీకెలా తెలుసు?"

మామయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచారు. కంచంలో అన్నం ఇంకా సగం ఉంది.

అత్తయ్య ఆ కంచం వంక చూసింది, నేను అత్తయ్య వంక చూశాను. మా ఆయన మాత్రం, "బానే ఉంది కదా పేరు, పలకడానికి తేలిగ్గా" అంటూ ఇంకాస్త అన్నం పెట్టించుకున్నాడు.

నాది అనుమానం బుద్ధి అంటారు మా ఇంట్లో. నేను కాదనను. కూరగాయలావిడ నవ్వుతూ తూచిందంటే ఇంటికొచ్చి మళ్ళీ తూచుకునే రకం నేను. కానీ ఆ రోజు నాకొచ్చిన అనుమానానికి కారణముంది. పేర్లు కుట్టేవాళ్ళకి పేర్ల సంగతి కొంత తెలుస్తుంది. అవీ చొక్కాల మోడళ్ళలాగే వస్తుంటాయి, పోతుంటాయి. ఒక ఏడాది ఎవరి సంచి చూసినా ఆయిషా, మరో ఏడాది జారా. మరియం, నూర్ మాత్రం ఏ ఏడాదీ తగ్గవు. ఈ షాపులో నేను కూర్చోవడం మొదలుపెట్టి ఏడేళ్ళయింది, సల్వా అని ఒక్క సంచి మీద కూడా కుట్టలేదు. నలుగురూ పెట్టుకునే పేరైతే ఎక్కడో విన్నారు, చెవికి బాగుందనిపించింది అనుకోవచ్చు. ఎవరూ పెట్టుకోని పేరు ఊరికే తెలియదు. ఎవరో ఒక మనిషి వల్లే తెలియాలి.

ఆ సాయంత్రం పిల్లకి పాలిస్తూ ఫోనులో వెతికాను. సల్వా అంటే అరబ్బీలో ఓదార్పు, ఊరట. తేనెకి కూడా ఆ మాట ఉందని ఒకచోట రాశారు. పూరేడు పిట్టని కూడా అలాగే అంటారని ఇంకోచోట రాశారు. ఆ పేరున్నవాళ్ళకి కలిసొచ్చే రంగు ఆకుపచ్చ అని ఒకరు, నీలం అని ఒకరు రాసేసరికి వాళ్ళందరి మీదా నాకు నమ్మకం సడలింది. కానీ చివర్లో ఒక మాట మాత్రం నా కళ్ళకి అతుక్కుపోయింది. ఇప్పటి పిల్లల్లో ఈ పేరు తగ్గిపోయింది, పాత తరం ఆడవాళ్ళలో మాత్రం బాగా కనిపిస్తుంది అని.

పాత తరం అంటే మా మామయ్య తరమే.

ఆ ముక్క అత్తయ్యకి చదివి వినిపించకుండా ఉండాల్సింది. కానీ ఆవిడ పక్కనే కూర్చుని చెవులు నా వైపే పెట్టింది.

"అర్థం ఏంటట?" అంది.

"ఓదార్పట."

"ఎవర్ని ఓదార్చిందట?"

నేను ఫోను పక్కన పెట్టేశాను.

మర్నాటి నుంచి ఇంట్లో యుద్ధం మొదలైంది. కేకల్లేవు, కన్నీళ్ళు లేవు. అత్తయ్య మామయ్యతో నేరుగా మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా మధ్యలో నేను. "మీ మామయ్యకి టీ కావాలేమో కనుక్కో. నేను పెట్టేది నచ్చుతుందో, ఆవిడెవరో వచ్చి పెట్టాలో అదీ కనుక్కో" అనేది, ఆయన రెండడుగుల దూరంలో నిలబడి వింటుండగా. మామయ్య వినీ విననట్టు దారం సూదిలో ఎక్కించుకునేవారు.

పెళ్ళికి ముందు మామయ్య రేవులో కొన్నాళ్ళు పనిచేశారు, ఓడల మీద పనిచేసేవాళ్ళకి యూనిఫాంలు కుట్టేవారు. ఇన్నేళ్ళుగా ఎవరికీ పట్టని ఆ సంగతి అత్తయ్య ఇప్పుడు బయటికి లాగింది.

"రేవులో ఎలాంటి వాళ్ళుంటారో నాకు తెలుసు" అంది.

"మీరెప్పుడైనా వెళ్ళారా అత్తయ్యా?"

"వెళ్ళక్కర్లేదు తెలుసుకోవడానికి."

మా ఆయన్ని పట్టుకుని నిలదీశాను. "మీకేమైనా తెలుసా?" అంటే, "నాకేం తెలుసు, అప్పటికి నేను పుట్టనేలేదుగా" అన్నాడు.

"ఎప్పటికి?"

"ఎప్పటికంటే... అమ్మ చెప్పే అప్పటికి" అని, సంచుల మూట భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. ఆయనకి నిజంగానే ఏమీ తెలియదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం తండ్రీ కొడుకులిద్దరూ కలిసే దాస్తున్నారనుకున్నాను.

వారం తిరిగేసరికి అత్తయ్య తన మాట తేల్చి చెప్పేసింది. చిన్నచిన్న చొక్కాలు మడత పెడుతూ, నాకు చెబుతున్నట్టు ఆయనకి చెప్పింది.

"ఈ సీజను అయిపోయాక మా తమ్ముడింటికి వెళ్ళిపోతాను. ముప్పై ఐదేళ్ళ కాపురం చేశాక, ఆవిడెవరి పేరో పెట్టి నా మనవరాల్ని రోజుకి వందసార్లు పిలవడం నా వల్ల కాదు."

"పేరు అదే పెట్టాలని రూలేం లేదు కదా అత్తయ్యా."

"పెట్టకపోయినా ఇక నాకు తెలిసిపోయిందిగా."

నాకు భయం వేసింది. ఆవిడ ఊరికే బెదిరించే మనిషి కాదు. ఆవిడ వెళ్ళిపోతే ఈ ఇల్లూ షాపూ పిల్లా నేనొక్కదాన్నే ఈదలేను. అంతకన్నా, ఆ ఇద్దరూ ఆ వయసులో చెరో ఇంట్లో ఉండటం నా ఊహకే అందేది కాదు. నిజమేదో తెలిస్తే ఏదో ఒకటి అతికించొచ్చు. తెలియకపోతే ఎక్కడని అతికించను? అందుకే మామయ్య మీద ఒక కన్నేసి ఉంచాను.

మా షాపులో రెండు కొత్త మిషన్లున్నాయి. వాటిలో పేరు కొడితే చాలు, అవే కుట్టుకుపోతాయి. మామయ్యది మాత్రం పాత మిషను. దానికి అక్షరాలు తెలియవు, బట్టని చేత్తో తిప్పుతూ ఆయనే గీయాలి. ఒక ఉదయం నేను ముందే షాపుకి వెళ్ళేసరికి ఆయన దాని ముందు కూర్చుని పనికిరాని గుడ్డ ముక్క మీద ఏదో కుడుతున్నారు. కుడి నుంచి ఎడమకి. అంటే అరబ్బీ రాత.

ఆయనకి ఆ రాతలో ఒక్క అక్షరం రాదు. గిరాకీలు కాగితం మీద రాసిస్తే, ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని ఏ వంపు ఎలా ఉందో అలా దించుతారు. ఆ రోజు ఎదురుగా కాగితం లేదు. ఆయన చెయ్యి తడుముకోనూ లేదు.

కుట్టడం అయ్యాక ఆ ముక్కని కళ్ళ దగ్గరగా పెట్టుకుని, కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుని, ఒక్కో కుట్టూ విప్పేశారు. దారప్పోగులు చేతిలోకి దులుపుకుని చెత్తబుట్టలో వేసి, గుడ్డ అక్కడే వదిలి లోపలికి వెళ్ళారు. నేను వెళ్ళి చూస్తే సూది కన్నాలు మాత్రం మిగిలాయి. ఆ గుడ్డని వెలుతురుకి పట్టి, ఫోనులో ఆ పేరు ఎలా రాస్తారో చూసి పోల్చాను. ఆ పేరే.

ఎన్నిసార్లు రాస్తే చెయ్యికి అలా అలవాటవుతుంది? ఎన్ని ఉత్తరాలు రాసుంటారు? రోజంతా నా బుర్రలో అదే. ఆ రోజు నేను కుట్టిన సంచుల్లో ఒకదాని మీద పేరు తలకిందులుగా పడింది.

అత్తయ్యకి చెప్పలేదు. మర్నాడు ఆవిడ ఇంటి దగ్గర ఉన్న సమయం చూసి, మామయ్య పక్కన కూర్చుని యూనిఫాంలు మడతపెడుతూ అడిగేశాను.

"మామయ్యా, ఎవరావిడ?"

"ఎవరమ్మా?"

"సల్వా."

ఆయన మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆవిడ కాదమ్మా. చంటిపిల్ల."

అత్తయ్య అనుకున్నదానికన్నా పెద్దదే ఉందన్నమాట. "మీ పిల్లా?" అన్నాను. ఆయన నా వంక చూసిన చూపుకి నేనే తలదించుకున్నాను.

"మీ ఆయన చిన్న క్లాసుల్లో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టారు. ఆయన అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. "ఒకావిడ వచ్చింది. నిండు కడుపుతో. మన దుప్పట్లలోంచి పసుపుది ఏరుకుంది. పేరు చెప్పి, కాగితం మీద అరబ్బీలో రాసిచ్చింది. ఆడపిల్లేనని ఎలా తెలుసమ్మా అన్నాను. తెలుసు అంది. కుట్టిపెట్టా. రాలేదు. పాత గిరాకీలు తీసుకెళ్ళనివి మనమేం చేస్తామో నీకు తెలుసుగా."

తెలుసు. మా షాపులో పద్ధతి అది. బడులు తెరిచి సీజను ముగిశాక, ఎవరూ తీసుకెళ్ళకుండా మిగిలిపోయిన వాటి మీద పేర్లు విప్పేస్తాం. ఆవిరి పట్టి, కన్నాలు కనబడకుండా ఇస్త్రీ చేసి, మళ్ళీ అమ్మకానికి పెడతాం. నేనే చాలా విప్పాను, ఏమీ అనిపించలేదు.

"అదీ విప్పేశా. అమ్మేశా" అన్నారు మామయ్య. "తర్వాత వచ్చింది. చేతిలో పిల్ల లేదు. పుట్టిన రోజే పోయిందట. దుప్పటి కోసం రాలేదండీ, పేరు కోసం వచ్చా అంది. ఆ పేరు ఇంకెక్కడా లేదట. ఆసుపత్రి వాళ్ళు ఫలానావిడ బిడ్డ అని రాసుకున్నారట అంతే."

"మీరేమన్నారు?"

"ఎక్కడో సర్దాం, వెతికి ఉంచుతా, మళ్ళీ రమ్మన్నా."

"అదేంటి మామయ్యా, అలా ఎందుకు చెప్పారు?"

"విప్పేశానని ఎలా చెప్పను ఆ మనిషికి? మళ్ళీ వచ్చింది. ఇంకా వెతుకుతున్నా అన్నా. ఆ తర్వాత వచ్చినప్పుడు వెనక గదిలో కూర్చున్నా. లేరని మీ అత్తయ్యే చెప్పి పంపేసింది. ఇక రాలేదు."

"ఇంకోటి కుట్టి ఇచ్చేయాల్సింది."

"కుట్టా. ఇవ్వాలంటే ఆవిడ మొహం చూడాలి కదమ్మా. అదీ విప్పేశా." ఒళ్ళో చొక్కా మళ్ళీ మడతపెడుతూ, "నా చేతికి ఆ పేరు కుట్టినప్పుడు అంటుకోలేదు. విప్పినప్పుడు అంటుకుంది. కుట్టేటప్పుడు చూపు సూది మీదే ఉంటుంది. విప్పేటప్పుడు ఒక్కో పోగూ మనమే చూడాలి. ఆ పేరు ఎక్కడా లేకుండా చేసింది నేనే. ఎక్కడో ఒకచోట ఉంటే బాగుండనిపించింది" అన్నారు.

అంతా విన్నాక కూడా నాలో ఒక మూల ఇదంతా అల్లిన కథేమోనని కాసేపు అనిపించింది, ఎందుకు దాచాలి. కానీ అత్తయ్యకి చెప్పినప్పుడు ఆ అనుమానం తీరిపోయింది. "పసుపు దుప్పటావిడా?" అంది ఆవిడ వెంటనే. "బస్టాండు దగ్గర మందుల షాపావిడ. లేరని నేనే పంపేశానే. వెనక గదిలోనే ఉన్నారా ఈ మహానుభావుడు?"

తర్వాత ఆవిడే టీ పెట్టి, ఆవిడే తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చింది. "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"నన్ను చెడ్డవాడనుకుంటావని."

"ఇన్నాళ్ళూ మంచివాడనుకున్నానా?" అంది అత్తయ్య, కానీ ఆయన టీ తాగేదాకా పక్కనే నిలబడింది. తమ్ముడింటి మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా రాత్రి అన్నాల దగ్గర, "పెట్టేద్దాం ఆ పేరు. అర్థం కూడా ఎంత బాగుంది, ఓదార్పు" అంది. అదే నోటితో.

ఈసారి కాదన్నది నేను.

పుట్టిన రోజే పోయిన పిల్ల పేరు నా పిల్లకి పెట్టనన్నాను. మా ఆయన, "నువ్వు కూడా ఇలాంటివి నమ్ముతావా?" అన్నాడు.

"నమ్మను. కానీ నా పిల్లని పెట్టి పరీక్ష చెయ్యను."

అంతటితో ఆగకుండా మామయ్య వైపు తిరిగాను. "మీరు మోయలేనిది తీసుకొచ్చి దీని నెత్తిన పెడుతున్నారు మామయ్యా" అన్నాను. ఆయన తల ఊపారు. "నిజమేనమ్మా. నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో" అన్నారు. ఆ తర్వాత ఆ పేరు ఆయన నోట రాలేదు. ఉదయాల్లో గుడ్డ ముక్క మీద కుట్టడం కూడా మానేశారు.

గొడవ తీరిపోయినట్టే. నాకే మనసొప్పలేదు. ఏ పేరు అనుకున్నా ఒక నిమిషం బాగుండేది, బుట్టలోకి చూస్తే ఆ పేరు పిల్లకి అతికేది కాదు, సల్వానే గుర్తొచ్చేది. పుట్టిన పిల్లలకి పేర్లు రాయించే ఆఫీసు గడువు దగ్గర పడుతోంది. దానికితోడు కొత్త అనుమానం ఒకటి పట్టుకుంది. ఆ మందుల షాపావిడకి ఆ పేరే పెట్టామని తెలిస్తే ఏమనుకుంటుంది? తన పిల్ల పేరు ఎత్తుకుపోయామనుకోదా? లేక నా పిల్లని చూసి మనసులో ఏదైనా అనుకుంటే? చివరికి ఉండబట్టలేక, పిల్లని అత్తయ్యకి అప్పగించి, బస్టాండు దగ్గరికి బయల్దేరాను.

చిన్న షాపు. గాజు అరల నిండా మందుల డబ్బాలు, కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద యాభై దాటిన ఆవిడ. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. చంటిపిల్లకి కడుపునొప్పి చుక్కలు కావాలన్నాను. నెలలెన్ని, బరువెంత, పాలు బాగా తాగుతోందా అని అడిగింది. పిల్ల పేరు కూడా అడిగింది.

"ఇంకా పెట్టలేదు. ఇంట్లో వాళ్ళు సల్వా అందామంటున్నారు" అని, ఆవిడ మొహం మీదే చూపు పెట్టాను.

సీసా కోసం అరలోకి వెళ్ళిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. "పాత పేరు. ఇప్పుడెవరూ పెట్టుకోవట్లేదు. మీకెవరు చెప్పారు?" అంది. గొంతులో అనుమానం స్పష్టంగా తెలిసింది. మా అత్తయ్య అడిగిన ప్రశ్నే, మా అత్తయ్య అడిగినట్టే అడిగింది.

"మాది పేర్లు కుట్టే షాపు" అన్నాను.

ఆవిడ సీసా తీసి కౌంటరు మీద పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని నన్ను తేరిపార చూసింది. "ఆయన కోడలివా?"

"అవును."

"నా దుప్పటి ఇవ్వలేదు ఆయన." నిన్న మొన్న ఆర్డరిచ్చిన మనిషిలా అంది. "వెతుకుతున్నా అన్నాడు. అబద్ధమని నాకప్పుడే తెలుసు. మంచి దుప్పటని మీ ఇంట్లోనే ఉంచేసుకున్నారేమో అనుకున్నా. మీ వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా మేడ మీద ఆరేసిన బట్టలు చూసేదాన్ని, పసుపు రంగు కనబడుతుందేమోనని. చాలా ఏళ్ళు చూశాను."

ఇన్నాళ్ళూ అనుమానం మా ఇంట్లోనే ఉందనుకున్నాను. వీధిలోంచి మా మేడ వైపు చూస్తూ ఇంకొకరున్నారని నాకు తెలియదు. దాచడానికి నాకు మనసొప్పలేదు. "మా ఇంట్లో లేదండీ. పేరు విప్పేసి అమ్మేశారు. మీరు తీసుకెళ్ళలేదని. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక వెతుకుతున్నా అన్నారు" అన్నాను.

"అమ్మేశారా?"

"అవును."

ఆవిడ కళ్ళజోడు తీసి మెడలోకి వదిలేసింది. "అయితే ఎవరో పిల్లే కప్పుకుని ఉంటుంది."

"కప్పుకునే ఉంటుంది."

"దాచిపెట్టారనుకున్నా. అమ్మేశారంటే నయమే" అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కళ్ళలో తిరగలేదు.

"నాకో భయముందండీ. అడిగితే ఏమనుకుంటారో" అన్నాను.

"అడుగమ్మా."

"పోయిన పాప పేరు మా పిల్లకి పెట్టడమంటే..." అని, మిగతాది చెప్పలేక ఆగిపోయాను.

"అది మా అమ్మమ్మ పేరు" అంది ఆవిడ. "ఎనభై దాటి బతికింది. పళ్ళన్నీ ఊడినా పోట్లాటలు మానలేదు. ఆవిడ కాలంలో ఎక్కడ చూసినా ఆ పేరేనట. ఆవిడ పోయాక మా అమ్మ అన్నం మానేసింది. అప్పుడే నాకు కడుపు నిలిచింది. అమ్మకి ఊరటగా ఉంటుందని ఆ పేరు అనుకున్నాం. దానర్థం అదేగా."

"మరి పాపకి..."

"పాపకి అది పేరవలేదు. కుట్టించానంతే. నేను పిలవలేదు." ఆవిడ సీసా మూత మీద కాగితాన్ని వేలితో నొక్కుతూ ఉంది. "చేతికిచ్చారు. పిలుద్దామనుకున్నా. కాస్త ఓపిక రానీ, పిలుద్దాంలే అనుకున్నా. ఒక్కసారైనా పిలవలేదమ్మా. కొత్తదే అది. మా పాప దగ్గర వాడలేదు."

నేను కౌంటరు మీదికి వంగి ఏడ్చేశాను. ఒక గిరాకీ వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆవిడ అతన్ని కాసేపు ఆగమని సైగ చేసి, నా చేతిలో సీసా పెట్టింది. "రోజుకి రెండుసార్లు. పాలు తాగాక" అంది.

"ఒకసారి మా షాపుకి రండి, పిల్లని చూద్దురుగాని" అన్నాను.

"ఆ మెట్లు నేనెక్కను" అంది.

షాపుకొచ్చి మామయ్యతో, "ఆవిడకి నిజం చెప్పేశాను" అన్నాను. ఆయన మిషను ఆపారు.

"ఏమంది?"

"దాచిపెట్టారనుకుందట. అమ్మేశారంటే నయమే అంది."

ఆయన అలాగే మిషను వైపు తిరిగి కూర్చున్నారు. చాలాసేపటి దాకా దాని చప్పుడు వినిపించలేదు.

గడువులోపల ఆఫీసుకి వెళ్ళి పేరు రాయించింది నేనే. సల్వా అనే. కానీ ఇంట్లో ఎవర్నీ పిలవనివ్వలేదు. అత్తయ్య నోరు జారబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. "రాయించాక కూడా ఏంటి నీ చాదస్తం" అని మా ఆయన విసుక్కున్నాడు. కొన్నాళ్ళు చూద్దామన్నాను. ఎందుకో నేను చెప్పలేదు. నా మీద నాకే నమ్మకం లేదు, ఆవిడ వస్తుందన్న నమ్మకం అసలే లేదు.

బడులు తెరిచాక షాపు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఆ మధ్యాహ్నం నేను మిగిలిపోయిన సంచులు దులుపుతున్నాను. గుమ్మంలో నీడ పడితే తలెత్తి చూశాను. ఆవిడే. మెట్లెక్కి వచ్చి, కళ్ళజోడు తాడు సర్దుకుంటూ, ఎటు చూడాలో తెలియనట్టు నిలబడింది.

వెనక గది ద్వారం దగ్గర మామయ్య లేచి నిలబడ్డారు. "విప్పేశానమ్మా" అన్నారు. నమస్కారం కూడా పెట్టలేదు.

"తెలుసు. మీ కోడలు చెప్పింది."

అత్తయ్య కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ కూర్చోలేదు. నేను బుట్టని బల్ల పక్కనుంచి ఇవతలికి లాగాను. పిల్ల మెలకువగానే ఉంది, పిడికిలి నోట్లో పెట్టుకుని చీకుతోంది.

"కడుపునొప్పి తగ్గిందా?" అంది ఆవిడ.

"తగ్గింది."

"పేరు పెట్టారా?"

"రాయించాం. పిలవడం మాత్రం ఎవరూ పిలవలేదు. నేనే పిలవనివ్వలేదు."

"ఎందుకు?"

"ముందు మీరు పిలుస్తారని."

ఆవిడ నా మొహంలోకి చూసింది, ఇందులో ఏదైనా మోసముందేమో అన్నట్టు. తర్వాత మోకాళ్ళ మీద చేతులానించి మెల్లగా బుట్ట పక్కన కూర్చుంది. గొంతు సవరించుకుంది. పిలిచింది. మొదటిసారి మాట సగంలోనే ఆగిపోయింది. మళ్ళీ పిలిచింది. పిల్ల పిడికిలి వదిలేసి ఆవిడ వైపు కళ్ళు తిప్పింది. ఆ వయసు పిల్లలు ఏ గొంతు విన్నా అలాగే తిప్పుతారు, అది నాకు తెలుసు.

మూడోసారి ఆవిడ ఇంకా నెమ్మదిగా పిలిచింది. అప్పుడు నాకు అనుమానమొచ్చింది, ఆవిడ పిలుస్తున్నది నా కూతుర్నా, తన కూతుర్నా అని. ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయేది. నేను చూడలేదు. వంగి, బుట్టని ఆవిడ వైపు ఇంకాస్త జరిపాను.